తిరుగు సాక్ష్యం

మంత్రాలయం రోడ్ స్టేషన్లో రైలు దిగితే మంత్రాలయం రాదు. బోర్డు మీది పేరు మంత్రాలయానిది, బోర్డు పాతిన నేల తుంగభద్ర అనే ఊరిది. మఠానికి అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. తొలిసారి వచ్చిన భక్తులు ప్లాట్‌ఫాం మీద నిలబడి గోపురం కోసం వెదుకుతుంటే ఆటోవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. ఆ మాటకొస్తే మంత్రాలయం కూడా పుట్టుకతో మంత్రాలయం కాదు, మంచాల. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఈ గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చాడని, స్వామి ఏరికోరి దీన్నే అడిగారని చెబుతారు. 1671లో ఆయన ఇక్కడే బృందావన ప్రవేశం చేశారు. పాత పేరు గ్రామదేవత మంచాలమ్మ దగ్గర మిగిలింది; ముందు ఆమెకు మొక్కి, తర్వాతే స్వామి దర్శనానికి వెళ్లడం ఆచారం. 1953 దాకా ఈ ఆదోని తాలూకా అంతా బళ్లారి జిల్లా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కర్నూలు జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు గానీ చిరునామా మారింది.

పేరు వేరు, నేల వేరు. రెండింటినీ కలిపే కాగితం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. ఇది ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తెలియని విషయం కాదు. కానీ సొంత డొమైన్ ఒకటి తీసుకుని, ఆ పేరు ఎక్కడుందో చెప్పే నేమ్ సర్వర్లు నేనే నడుపుకోవాలని కూర్చున్నాక గానీ నాకది పూర్తిగా తలకెక్కలేదు.

పెద్ద కారణమేమీ లేదు. రాసుకున్నవి దాచుకోవడానికి ఒక చోటు, నా పేరు మీద ఒక మెయిలు, రేపు ఏ కంపెనీ తలుపులు మూసుకున్నా చెడిపోని చిరునామా కావాలనిపించింది. ఏడాదికి కొన్ని వందల రూపాయలు కడితే పేరు దొరుకుతుంది. ఇంగ్లిషు అక్షరాలే ఉండాలని లేదు. చివర '.భారత్' అని తెలుగులోనే ఉండే పేర్లూ ఉన్నాయి. అయితే మనం 'మావూరు.భారత్' అని ఎంత ముద్దుగా రాసుకున్నా, యంత్రాలు లోలోపల దాన్ని 'ఎక్స్ఎన్' అని మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల గజిబిజిగా మార్చుకునే చదువుకుంటాయి. అది వాటి తిప్పలు. పేరు కొనడం కాసేపటి పని. ఆ పేరు ఎక్కడ ఉందని ఎవరడిగినా, ఏ వేళ అడిగినా జవాబు చెప్పే పూచీ నెత్తికెత్తుకోవడం మాత్రం ఇల్లు కట్టినంత పని.

ఈ పూచీ మామూలు మనిషి దాకా వచ్చిందంటే దాని వెనక ఒక కథ ఉంది. ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లూ వాటి చిరునామా అంకెలూ అన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. హోస్ట్స్ డాట్ టెక్స్ట్ అనే ఆ ఫైలు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం చేతిలో ఉండేది. కొత్త యంత్రం పెట్టినవాళ్లు వాళ్లకు చెప్పుకోవాలి, వాళ్లు పద్దు రాయాలి, మిగతావాళ్లంతా ఆ ఫైలును మళ్లీ మళ్లీ దించుకోవాలి. ఊళ్లు పెరుగుతున్నాయి, కరణం మాత్రం ఒక్కరే. 1983లో పాల్ మోకపెట్రిస్ దీనికి మందు రాశాడు. 882, 883 నంబర్ల ఆర్‌ఎఫ్‌సీ సాంకేతిక పత్రాల్లో డీఎన్ఎస్ అనే పేర్ల వ్యవస్థ పుట్టింది. 1987లో వచ్చిన 1034, 1035 నంబర్ల పత్రాలు ఈనాటికీ దానికి పునాది. ఆయన చేసింది పెద్ద ఫైలును ముక్కలు కోయడమే అయితే పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఆయన కరణీకాన్నే పంచిపెట్టాడు. పైన ఉన్న రూట్ సర్వర్లకు '.ఇన్' ఎవరి చేతిలో ఉందో తెలిస్తే చాలు. '.ఇన్' చూసే నిక్సీ వారికి నా పేరు ఎవరి చేతిలో ఉందో తెలిస్తే చాలు. నా పేరు కింద ఏముందో చెప్పాల్సింది నేను. ఆ కింది మెట్టు మీద నా మాటకు తిరుగులేదు.

అధికారం వచ్చాక కాగితాలు శుద్ధంగా ఉంచుకోవాలి. బర్కిలీలో విద్యార్థులు మొదలుపెట్టిన బైండ్ అనే సాఫ్ట్‌వేర్‌నే ఇప్పటికీ చాలామంది వాడతారు. దానికి జోన్ ఫైలు అని ఒక చిట్టా రాసివ్వాలి. మొదటి పద్దు ఎస్ఓఏ: ఈ పేరుకు అధికారి ఎవరు, చిట్టా ఎన్నోసారి మారింది, ఎంతసేపటికోసారి వచ్చి చూసుకోవాలి అన్నవి అందులో ఉంటాయి. తర్వాత నేమ్ సర్వర్ల పేర్లు, వెబ్‌సైటు అంకె, మెయిలు ఎవరికివ్వాలన్న పద్దు. పూర్తి పేరు రాశాక చివర చుక్క పెట్టాలి. చుక్క లేకపోతే సర్వర్ ఆ పేరు పూర్తికాలేదనుకుని వెనక మరోసారి డొమైన్ పేరు తగిలిస్తుంది. పద్దు మార్చినప్పుడల్లా వరస నంబరు పెంచాలి. పెంచకపోతే రెండో సర్వర్ ఏమీ మారలేదనుకుని పాత చిట్టానే చదువుతూ కూర్చుంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన చిక్కు ఒకటుంది. నా పేరు ఎక్కడుందో నా నేమ్ సర్వర్ని అడగాలి. ఆ నేమ్ సర్వర్ పేరు నా డొమైన్ కిందే ఉంది. దాన్ని పట్టుకోవాలంటే ముందు నా డొమైన్ ఎక్కడుందో తెలియాలి. దీన్ని విడదీయడానికి పై మెట్టువాళ్లు నా నేమ్ సర్వర్ అంకెను తమ దగ్గరే రాసిపెట్టుకుంటారు. గ్లూ రికార్డు అంటారు దాన్ని. సొంత ఇంటి అధికారమైనా మొదటి మాట పైవాడు చెప్పాలన్నమాట.

నేమ్ సర్వర్లు కనీసం రెండు ఉండాలి. రెండూ ఒకే గదిలో, ఒకే తీగ మీద ఉంటే లాభం లేదని, భూమ్మీద దూరదూరంగా ఉండాలని 1997లో వచ్చిన 2182 నంబరు ఆర్‌ఎఫ్‌సీ చెబుతుంది. కరెంటు కోతలు తెలిసిన ఊళ్లో ఈ సలహా ఎవరికీ వింతగా తోచదు. నాకు మాత్రం 2009 అక్టోబరు గుర్తొస్తుంది. కరువు తప్ప వరద ఎరగమనుకున్న సీమలో ఆ నెల మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచింది. కిందనున్న కర్నూలునూ నీళ్లు ముంచెత్తాయి. ఒక సర్వర్ మంత్రాలయంలో, ఇంకొకటి జిల్లా కేంద్రంలో పెట్టుకున్నవాడు దూరం చూసుకుని నిశ్చింతగా ఉంటాడు. రెండూ ఒకే నది ఒడ్డున ఉన్నాయన్నది దూరం కొలిస్తే తెలియదు, నీళ్లు వచ్చినప్పుడే తెలుస్తుంది. చిన్నవాళ్లకే కాదు ఈ బెడద. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ గంటల తరబడి మూగబోయాయి. వాళ్ల నేమ్ సర్వర్లకు లోటు లేదు, చెడిపోనూ లేదు. వాటి దగ్గరికి వెళ్లే దారులు ఒక్కసారిగా మాయమయ్యాయి. అన్నీ ఒకే ఒడ్డున ఉన్నట్టే లెక్క.

ఇంతవరకూ పేరు పట్టుకుని అంకె దగ్గరికి వెళ్లడం. ఇది సాఫీగానే సాగింది. అంకె పట్టుకుని పేరు దగ్గరికి రావడంలో ఉంది తమాషా.

సీమ రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అతని భూమికి రెండు పద్దులుంటాయి. వన్-బీలో మనిషిని పట్టుకుని వెదకాలి: ఫలానా ఖాతాదారుకు ఏయే సర్వే నంబర్లలో ఎంతెంత భూమి ఉందో వస్తుంది. అడంగల్లో నేలను పట్టుకుని వెదకాలి: ఫలానా సర్వే నంబరు ఎవరిది, సాగు ఎవరిది, ఏం పైరు వేశారో వస్తుంది. పంట రుణానికి బ్యాంకుకు వెళితే రెండూ తెమ్మంటారు. రెంటిలోనూ ఒకే మాట ఉంటే లోను. ఒకదానిలో నాయన పేరు, ఇంకొకదానిలో కొడుకు పేరు ఉంటే తాసిల్దారు ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు. భూమి నాది అని నేనెంత గట్టిగా అరిచినా, నేను నీదాన్నని భూమి పద్దు చెప్పకపోతే బ్యాంకు మేనేజరు కళ్లజోడు కూడా పైకెత్తడు.

డీఎన్ఎస్‌లో 'ఏ' అనే రికార్డు పేరుకు అంకె చెబుతుంది, అది వన్-బీ లాంటిది; అంకెకు పేరు చెప్పే పీటీఆర్ రికార్డు అడంగల్ లాంటిది. నా మెయిల్ సర్వర్ పోయి ఇంకో మెయిల్ సర్వర్ తలుపు తట్టినప్పుడు అవతలివాడికి మొదట కనిపించేది నా పేరు కాదు, నా అంకె. ఈ అంకె ఎవరిదని అతను పీటీఆర్ చూస్తాడు. వచ్చిన పేరును తీసుకుని, ఈ పేరుకు ఏ అంకె ఉందని మళ్లీ ముందునుంచి అడుగుతాడు. తట్టిన అంకే తిరిగొస్తే లోపలికి రానిస్తాడు. రాకపోతే చాలాచోట్ల గుమ్మంలోనే గెంటేస్తాడు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ రెండు పద్దులూ సరిగా ఉండాలని మెయిలు పంపేవాళ్లందరికీ నియమం పెట్టింది.

వెనక నుంచి వెదకడానికి మరో కొత్త యంత్రాంగం కట్టకుండా పాతదాన్నే వాడుకున్న తెలివి చూడదగ్గది. పేరులో చిన్నది ముందు, పెద్దది చివర: మావూరు ముందు, భారత్ తర్వాత. అంకెలో పెద్దది ముందు, చిన్నది చివర. 145వ సర్వే నంబరులో 2, అందులో ఏ అన్నట్టు. రెండూ ఎదురెదురు దిక్కులు. అందుకని అంకెను తలకిందులు చేస్తారు. ఉదాహరణలకని పక్కన పెట్టిన అంకెల్లోంచి 203.0.113.25 తీసుకుంటే, అది 25.113.0.203 అయి, వెనక 'ఇన్-యాడర్.ఆర్పా' అన్న తోక తగిలించుకుని ఒక పేరులా తయారవుతుంది. ఇక మామూలు పేర్లలాగే మెట్టు మెట్టుగా వెదకొచ్చు. కొత్త తరం అంకెలైన ఐపీవీ6లో అయితే 32 అక్షరాలనూ ఒక్కొక్కటిగా విడదీసి, మధ్యమధ్య చుక్కలు పెట్టి, వెనక నుంచి ముందుకు రాయాలి. చేత్తో రాస్తే కళ్లు తిరుగుతాయి.

నిజానికి ఈ తలకిందుల వ్యవహారం తెలుగువాడికి అంతగా అవసరం ఉండేది కాదు. మన దస్తావేజుల్లో కర్నూలు జిల్లా, ఆదోని తాలూకా, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు అని పెద్దదాన్నుంచి చిన్నదానికి దిగుతాం. ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఇలా రాయడం మనకొక్కరికే తోచిందీ కాదు. బ్రిటన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ జానెట్ 1980ల్లో పేర్లను పెద్దదాన్నుంచి చిన్నదానికే రాసేది: 'యూకే' ముందు, కళాశాల చివర. మిగతా లోకం మరో దిక్కున రాయడంతో అటూ ఇటూ మెయిళ్లు దారితప్పేవి. కంప్యూటర్ సైన్స్ శాఖను సూచించే 'సీఎస్' అక్షరాలు అప్పటి చెకోస్లొవేకియా గుర్తు కూడా కావడంతో ఆ గందరగోళం మరీ ముదిరింది. చివరికి బ్రిటన్ వాళ్లే దిక్కు మార్చుకున్నారు. ఏ దిక్కున రాసినా నష్టం లేదు. అందరూ ఒకే దిక్కున రాయాలి, అంతే.

అసలు తేడా రాసే దిక్కులో లేదు, రాసే చేతిలో ఉంది. పేరుకు పద్దు నేను రాస్తాను. అంకెకు పద్దు అంకె ఎవరిదో వాళ్లు రాయాలి. అంకెలు లోకమంతటికీ వాటిని పంచే ఐయానా నుంచి ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి చూసే ఏప్‌నిక్‌కు, అక్కడి నుంచి మన దేశంలో 2012లో మొదలైన ఇరిన్‌కు, అక్కడి నుంచి ఇంటర్నెట్ కంపెనీలకు దిగుతాయి. వెనకపద్దు రాసే హక్కూ అదే దారిలో దిగుతుంది. 256 అంకెల గుంపు మొత్తం ఒకరి చేతిలో ఉంటే హక్కు అప్పగించడం తేలిక. అంతకన్నా చిన్న ముక్కను అప్పగించడానికి 1998లో 2317 నంబరు ఆర్‌ఎఫ్‌సీ ఒక ఉపాయం చెప్పింది. ఒక్క అంకె ఉన్నవాడికి కూడా దారి ఉంది, పైవాడికి మనసుంటే.

ఇంటికి నెట్ ఇచ్చే కుర్రవాణ్ణి ఒకసారి అడిగాను, రివర్స్ డీఎన్ఎస్, అంటే ఈ వెనకపద్దు, పెట్టిస్తావా అని. "రివర్సా? స్పీడు తగ్గిందా అన్నా?" అన్నాడు పాపం, చేతిలోని రూటర్ వైపు జాలిగా చూస్తూ. అతణ్ణి అనేదేమీ లేదు. ఇళ్లకు వచ్చే అంకెలు చాలావరకు సొంతమే కావు. అంకెల కొరత వల్ల వందల ఇళ్లను ఒకే బయటి అంకె వెనక ఇరికిస్తారు. లోపల 100.64తో మొదలయ్యే అంకె కనిపిస్తే ఆ ఇరుకులో మనమూ ఉన్నట్టే. ఆ అంకెకు లోకంలో వెనకపద్దు ఉండదు. అందుకే నాలాంటివాళ్లు ఎక్కడో డేటా సెంటర్లో ఒక వర్చువల్ సర్వర్ అద్దెకు తీసుకుంటారు. వాళ్ల వెబ్‌సైటులో ఒక మూల చిన్న గడి ఉంటుంది. అందులో పేరు రాస్తే పీటీఆర్ సిద్ధం. గడి మనం నింపినా సంతకం వాళ్లది. అద్దె ఆపిన రోజు అదే అంకె ఇంకొకరిది, సాక్ష్యమూ ఇంకొకరిదే.

సర్వే నంబరు పట్టుకుని మనిషిని వెదికే పద్ధతిని ఈ నేల మీద పొలం పొలానా తెచ్చినవాడు థామస్ మన్రో. 1800లో నిజాం కంపెనీకి ధారపోసిన దత్తమండలాలకు అతను ప్రిన్సిపల్ కలెక్టరు, 1807 దాకా. పొలాలన్నీ కొలిపించి, పన్ను నిర్ణయించి, రైతుతోనే నేరుగా లెక్క పెట్టుకున్నాడు. మంత్రాలయంలో అతని గురించి ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటారు. మఠం భూమిని సర్కారు వెనక్కి తీసుకోబోతే విచారణకు మన్రో వచ్చాడట. టోపీ, బూట్లు తీసి లోపలికి వెళ్లి బృందావనం ముందు నిలబడితే స్వామి కనిపించి మాట్లాడారట. పక్కనున్నవాళ్లకు మన్రో మాటలే వినిపించాయట. బయటికి వచ్చి భూమి మఠానిదేనని రాశాడట. నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. నాకు ఆ కథలో నచ్చేది ఆ విచారణ తీరు. కాగితం మీద పేరు ఉందా లేదా అని మద్రాసులో కూర్చుని తేల్చలేదు. నేల దగ్గరికి వచ్చి నేలనే అడిగారు. తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో 1827లో కలరా సోకి ఈ జిల్లాలోని పత్తికొండలోనే కన్నుమూశాడు.

రెండు పద్దులు కలిస్తే మనిషి మంచివాడని రుజువైనట్టేనా? కాదు. అడంగల్, వన్-బీ కలిసినవాడు లోను ఎగ్గొట్టకూడదని ఎక్కడా లేదు. చెత్త మెయిళ్లు పంపేవాడూ సర్వర్ అద్దెకు తీసుకుని ఆ గడి నింపుకోగలడు. తిరుగు సాక్ష్యం చెప్పేది ఒకటే: ఈ పేరు గలవాడు, ఈ అంకె గలవాడు ఒకరినొకరు ఎరుగుదురు. ఒకరికి తెలియకుండా ఇంకొకరి పేరు వాడుకోవడం లేదు. తక్కువ మాటే. కానీ ఎవడి గురించి వాడు చెప్పుకున్న గొప్పలతో నిండిన చోట ఎదుటివాడు చెప్పిన ఆ తక్కువ మాటకే విలువ. నా గురించి నేను సాక్ష్యం చెప్పుకోలేకపోవడం నాకు అవమానంగా తోచదు. అలా కుదిరితే పద్దులు రెండు ఎందుకు?

నా ఫిర్యాదల్లా ఆ సాక్ష్యం చిన్నవాడికి అందకపోవడం మీదే. కొరత ఉంది కదా అనేవాళ్లు నిన్నటి వరకూ. పాత తరం ఐపీవీ4లో మొత్తం అంకెలు దాదాపు 430 కోట్లు; లోకమంతటికీ అవి చాలవు నిజమే. కానీ ఇప్పుడు ఐపీవీ6 వచ్చిన ఇంట్లో ఒక్క రూటర్ కిందే ఆ 430 కోట్లను 430 కోట్లతో గుణిస్తే వచ్చేటన్ని అంకెలు ఉంటాయి. అన్నిట్లో ఒక్కదానికీ పేరు రాయించుకునే వీలు మామూలు కనెక్షన్ తీసుకున్నవాడికి సాధారణంగా ఉండదు. కొరత తీరింది గానీ కరణీకం కిందికి దిగలేదు. పేర్ల విషయంలో మోకపెట్రిస్ 1983లో ఇంటి గడప దాకా తెచ్చిన అధికారం, అంకెల విషయంలో కంపెనీ గేటు దగ్గరే ఆగిపోయింది. పేరు సొంతం, నేల కౌలు. కౌలుదారుకు పద్దులో చోటు దొరకడం ఎంత కష్టమో మన వైపు ఎవరినడిగినా చెబుతారు.

కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడెంత, రేటెంత అని అడుగుతాం. పీటీఆర్ ఎవరు రాస్తారని కూడా అడగాలి. మొదట్లో అర్థంకాని మొహం పెడతారు, పెట్టనీ. అడంగల్ అన్న మాటా ఒకప్పుడు కరణానికి తప్ప ఎవరికీ పట్టేది కాదు. లోను దానిమీద ఆధారపడ్డాక ప్రతి రైతూ నేర్చుకున్నాడు. అడిగేవాళ్లు పెరిగాక ఆఫీసులో జవాబు చెప్పేవాళ్లూ తయారయ్యారు.